ఏస్ కెఫే: లారీ డ్రైవర్ల టీ కొట్టు బైకర్ల ఊరుగా మారిన కథ

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత బుల్లెట్‌ను విప్పి కొత్త రూపం ఇచ్చే వర్క్‌షాపుకు వెళ్తే మెకానిక్ తప్పకుండా ఒక మాట అడుగుతాడు: "కెఫే రేసర్ చేద్దామా, బాబర్ చేద్దామా?" బాబర్ అన్నది మడ్‌గార్డులు కత్తిరించిన ఇంకో తరహా బండి. కెఫే రేసర్‌కేమో కిందికి దించిన హ్యాండిల్, పొడవాటి ట్యాంకు, ఒక్కరికే సరిపోయే సీటు, దాని వెనక చిన్న గూని. కెఫే రేసర్ అంటే ఆ రూపం అందరికీ తెలుసు. బండి పేరులోకి కెఫే ఎందుకొచ్చిందన్నది మాత్రం చాలామందికి తట్టదు. ఆ మాట పుట్టిన లోకానికి ఒక చిరునామా చెప్పమంటే ముందుగా చెప్పాల్సింది లండన్‌లోని ఏస్ కెఫే. వెంబ్లీకి దగ్గరలో, స్టోన్‌బ్రిడ్జ్ అనే పేటలో, నార్త్ సర్క్యులర్ రోడ్డును ఆనుకుని ఉంటుంది. ఇంగ్లండ్ వాళ్లే కాదు, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ నుంచి సముద్రం దాటి బండి మీద వచ్చే వాళ్లు కూడా దాని ముందు ఆగి ఫొటో దిగకుండా వెళ్లరు.

బైకర్ల పేరు చెప్పి నడిచే బార్లు, కెఫేలు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి. గోడకు పాత ట్యాంకులు బిగించి, పైకప్పు నుంచి ఓ బండిని వేలాడదీస్తే అలాంటిది ఎక్కడైనా తయారవుతుంది. ఏస్ సంగతి వేరు. దాన్ని బైకర్ల కోసం ఎవరూ కట్టలేదు. వాళ్లే వచ్చి దాన్ని సొంతం చేసుకున్నారు. అలా ఎందుకు జరిగిందో చూస్తే, రైడర్లు ఒక చోటును తమదనుకోవడానికి గోడల మీది బొమ్మల కన్నా రోడ్డు, తెరిచి ఉండే వేళలు, బండి నిలుపుకునే జాగా ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

ఏస్ తెరుచుకున్నది 1938లో. విక్ ఈడెన్‌బరో అనే వ్యాపారి పెట్టాడు. నార్త్ సర్క్యులర్ అప్పటికి కొత్త రోడ్డు. లండన్ నడిబొడ్డులోకి వెళ్లకుండా ఉత్తరం వైపు నుంచి చుట్టి పోవడానికి వేసిన బైపాస్ లాంటిది. దాని మీద రాత్రింబవళ్లు లారీలు తిరిగేవి. ఆ డ్రైవర్లకు వేడి టీ, గుడ్లు, బేకన్, చిప్స్ పెట్టే ఇలాంటి హోటళ్లను అక్కడ ట్రాన్స్‌పోర్ట్ కెఫేలు అంటారు. మన హైవే ధాబాకు దగ్గరి చుట్టం అనుకోవచ్చు. ఏస్ 24 గంటలూ తెరిచి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో పక్కనే ఉన్న విల్స్‌డెన్ రైల్వే యార్డుల మీద బాంబులు పడ్డప్పుడు ఇదీ బాగా దెబ్బతింది. 1949లో మళ్లీ కట్టారు.

ఆ తర్వాతి పదేళ్లలో లారీల పక్కన మోటార్‌సైకిళ్లు ఆగడం మొదలైంది. ఎందుకన్నదానికి జవాబు కొంత చట్టంలోనే ఉంది. అప్పట్లో బ్రిటన్‌లో పదహారేళ్లకే మోటార్‌సైకిల్ నడపొచ్చు. పబ్బులో మందు కొనాలంటే మాత్రం పద్దెనిమిది నిండాలి. పైగా పబ్బులు మధ్యాహ్నం కాసేపు మూసేవారు, రాత్రి పదిన్నర, పదకొండుకల్లా తలుపులు వేసేసేవారు. ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్న పదిహేడేళ్ల కుర్రాడికి చేతిలో జీతం ఉంది, వాయిదాల మీద కొన్న బండి ఉంది, సాయంత్రం ఖాళీగా ఉంది. వెళ్లడానికే చోటు లేదు. ఇంట్లో తండ్రి గదమాయింపు, పబ్బులో వయసు అడ్డు. ఏ వేళకు వెళ్లినా తెరిచి ఉండేది, ఒక్క కప్పు టీతో రెండు గంటలు కూర్చున్నా లేవమననిది, బండిని కళ్ల ముందే నిలుపుకోగలిగింది ఈ రోడ్డు పక్క కెఫే ఒక్కటే.

అక్కడ జ్యూక్‌బాక్స్ కూడా ఉండేది. బీబీసీ రేడియోలో రాకెన్‌రోల్ చాలా అరుదుగా వినిపించేది. ఆ పాటలు కావాలంటే తిరునాళ్లలోనో, ఇలాంటి కెఫేల్లోనో నాణెం వేసి వినాల్సిందే. అంటే బండి, పాట, తోటివాళ్లు మూడూ ఒకేచోట దొరికేవి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఏస్ ఇంకో మామూలు హోటల్‌గానే ఉండిపోయేది.

అక్కడికి వచ్చే కుర్రాళ్లను పత్రికలు 'టన్-అప్ బాయ్స్' అని పిలిచాయి. వాడుకలో టన్ అంటే వంద. గంటకు వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు దాటినవాడే మొనగాడు. ఆ రోజుల్లో ఊళ్ల బయట చాలా రోడ్ల మీద వేగ పరిమితే లేదు. 1959లో ఎం1 మోటార్‌వే తెరిచినప్పుడు కూడా దాని మీద ఎంత వేగంగా పోవాలన్నది నడిపేవాడి ఇష్టమే. దేశమంతటికీ గంటకు 70 మైళ్ల హద్దు వచ్చింది 1965 డిసెంబరులో. 'కెఫే రేసర్' అన్నది మొదట మెచ్చుకోలు కాదు, ఎగతాళి. నిజం రేసులో దిగే దమ్ము లేక ఒక టీ కొట్టు నుంచి ఇంకో టీ కొట్టుకు పందెం వేసుకునేవాడని దాని అర్థం. ఆ కుర్రాళ్లు ఆ మాటను అలాగే తీసుకుని బిరుదులా తగిలించుకున్నారు.

వాళ్ల బండిని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే దాని మీద కనిపించే ప్రతి మార్పుకూ ఒక కారణం ఉంది. షోరూమ్ నుంచి వచ్చిన బండికి హ్యాండిల్ ఎత్తుగా ఉండేది. గంటకు 140 కిలోమీటర్లు దాటాక ఎదురుగాలి ఛాతీకి గోడలా తగులుతుంది. అందుకని ఆ హ్యాండిల్ పీకేసి, ముందు ఫోర్కు గొట్టాలకే నేరుగా రెండు చిన్న పిడులు బిగించేవారు. వీటినే క్లిప్-ఆన్స్ అంటారు. ఒళ్లు ముందుకు వాలేసరికి కాళ్లు పాత చోట ఇమడవు, బరువంతా మణికట్ల మీద పడుతుంది. కాబట్టి ఫుట్‌రెస్టులను వెనక్కి, పైకి జరిపేవారు. దాంతో మలుపులో బండి ఎంత వాలినా అవి నేలకు గీసుకోవడం కూడా తగ్గేది. బండి ముందుకు దూకినప్పుడు మనిషి వెనక్కి జారకుండా సీటుకు ఆ గూని. బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు కోసేసేవారు, అక్కర్లేనివన్నీ తీసేసేవారు. అసలు వేగం మీద పోతుంటే ఎదురుగాలే ఛాతీని కాస్త ఎత్తి పట్టుకుంటుంది, మణికట్లకు హాయిగా ఉంటుంది. మన అమీర్‌పేట ట్రాఫిక్‌లో అదే బండి మీద పది నిమిషాలకే చేతులు తిమ్మిరెక్కడానికి కారణం ఇదే. అక్కడ ఎత్తి పట్టుకునే గాలి లేదు.

వీటన్నిటిలో పేరు మోసింది ట్రైటాన్. ఏ కంపెనీ తయారు చేసిన బండీ కాదది. ట్రయంఫ్ ఇంజన్‌ను నార్టన్ ఫ్రేములో కూర్చోబెట్టి, రెండు పేర్లూ కలిపేశారు. నార్టన్‌కు 1950 నాటి ఫెదర్‌బెడ్ ఫ్రేము ఉండేది. బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెక్‌కాండ్లెస్ సోదరుల రూపకల్పన. దాన్ని నడిపిన రేసర్ హెరాల్డ్ డానియెల్ ఈకల పరుపు మీద ఉన్నట్టుందన్నాడని ఆ పేరు వచ్చింది. అలాంటి ఫ్రేము ఇంకొకరి దగ్గర లేదు. ట్రయంఫ్ జంట సిలిండర్ల ఇంజన్‌కేమో విడి భాగాలు ఎక్కడంటే అక్కడ దొరికేవి, ఊపు పెంచడం తేలిక. ఇంకో ముచ్చట: అప్పట్లో చిన్న రేసు కార్లు కట్టేవాళ్లకు నార్టన్ రేసింగ్ ఇంజన్ కావాలి, కంపెనీ విడిగా ఇంజన్ అమ్మదు. వాళ్లు బండి మొత్తం కొని ఇంజన్ తీసుకుని ఫ్రేము పక్కన పడేసేవారు. అలా మిగిలిన ఫ్రేములు కొన్ని ఈ కుర్రాళ్ల చేతికి చిక్కాయి. నలుగురు కలిసి పెరట్లో చేసుకున్న పని ఒక పద్ధతిగా, కొన్నాళ్లకు ఒక శైలిగా స్థిరపడింది.

ఏస్ గురించి ఎక్కువగా వినిపించే కథ రికార్డు పందెం. జ్యూక్‌బాక్స్‌లో నాణెం వేసి పాట పెట్టి, బయటికి పరుగెత్తి, బండి తీసి, అనుకున్న మలుపు దాకా పోయి, పాట అయిపోయేలోగా తిరిగి రావాలి. ఇది నిజంగా ఎంత తరచుగా జరిగిందన్న దాని మీద వాదనలు నేటికీ ఉన్నాయి. లెక్క వేస్తే మాత్రం అసాధ్యమేమీ కాదు. ఆనాటి పాట దాదాపు రెండున్నర నిమిషాలు. మలుపు రెండు కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే, పోయి రావడానికి నాలుగు కిలోమీటర్లు. సగటున గంటకు 96 కిలోమీటర్ల వేగం చాలు. అయితే తలుపు దగ్గరి నుంచి బండి దాకా పరుగు, కిక్ కొట్టడం, మలుపులో నెమ్మదించడం అన్నీ అందులోనే పోవాలి కాబట్టి, నేరుగా ఉన్న రోడ్డు మీద దానికన్నా చాలా ఎక్కువ తీయాలి. అదీ మామూలు వాహనాలు తిరిగే రోడ్డు మీద, చాలామంది హెల్మెట్ కూడా లేకుండా. బ్రిటన్‌లో హెల్మెట్ తప్పనిసరి అయింది 1973లో.

ఈ కథలు చెప్పుకునేటప్పుడు చనిపోయినవాళ్లను కూడా లెక్కపెట్టాలి. 1960లో ఒక్క ఏడాదిలో బ్రిటన్ రోడ్ల మీద 1,700 మందికి పైగా మోటార్‌సైకిల్ రైడర్లు చనిపోయారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య 350కి అటూ ఇటూ. భారత్‌లో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. టన్-అప్ రోజుల మోజును ఇక్కడికి తెచ్చుకునేవాళ్లు ఆ రోజుల ఖరీదు కూడా తెలుసుకోవాలి.

పత్రికలు ఈ కుర్రాళ్లను రౌడీలుగా చూపించాయి. పోలీసులు ఏస్ దగ్గర కాపు కాశారు. అదే సమయంలో ఒక్క మనిషి వాళ్ల దగ్గరికి వేరే పని మీద వెళ్లాడు. ఫాదర్ బిల్ షెర్‌గోల్డ్, తూర్పు లండన్‌లోని హాక్నీ విక్ చర్చి పాస్టరు. ఆయనకూ ట్రయంఫ్ బండి ఉంది. ఆ చర్చి ఆధ్వర్యంలో 1959లో మొదలైన యువజన సంఘం ఒకటి నడుస్తోంది, పేరు 59 క్లబ్. 1962లో బైకర్ల కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టాలనుకుని, పోస్టర్లు పట్టుకుని ఏస్‌కు బయలుదేరాడు. మెడకున్న పాస్టరు పట్టీ కనిపించకుండా మఫ్లర్ చుట్టుకున్నాడు. చాలా భయపడ్డానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. తీరా వెళ్లాక ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. బండి గురించి మాట్లాడారు, పోస్టరు తీసుకున్నారు. పిలిచిన రోజున చర్చికి వచ్చారు, బండ్లతో సహా. ఆ క్లబ్బులో మోటార్‌సైకిల్ విభాగం పుట్టి, ప్రపంచంలోనే పెద్ద బైకర్ సంఘాల్లో ఒకటిగా ఎదిగింది. ఏస్ చరిత్రలో వంద మైళ్ల రికార్డుల కన్నా విలువైనది ఈ ఘటనే. ఆ కుర్రాళ్లకు కావలసింది గొడవ కాదని, తమను పేరు పెట్టి పిలిచే ఒక చోటని అది చూపించింది.

ఇక్కడే మనకు సంబంధించిన తీగ ఒకటి ఉంది. ప్రమాదాలు చూసి బ్రిటన్ ప్రభుత్వం 1960ల మొదట్లో ఒక నిబంధన తెచ్చింది: లెర్నర్ లైసెన్సు ఉన్నవాళ్లు 250 సీసీ దాటిన బండి నడపకూడదు. దాంతో కంపెనీలకు కొత్త గిరాకీ కనిపించింది. చిన్న ఇంజనే ఉండాలి, చూడ్డానికి మాత్రం ఏస్ ముందు నిలిపే బండిలా ఉండాలి. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ తెచ్చిన కాంటినెంటల్ జీటీ 250 ఆ లెక్కతో వచ్చిందే. ఎర్ర ట్యాంకు, క్లిప్-ఆన్స్, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, గూని సీటు అన్నీ ఫ్యాక్టరీ నుంచే. కుర్రాళ్లు పెరట్లో చేసుకున్న పనిని కంపెనీ కొట్లో పెట్టి అమ్మింది.

రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1970కల్లా ఇంగ్లండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారీయే ఆగిపోయింది. కానీ 1955 నుంచి మద్రాసులో బుల్లెట్ తయారవుతూనే ఉంది. తల్లి కంపెనీ పోయి పిల్ల కంపెనీ బతికింది. 2013లో చెన్నైలో తయారైన కాంటినెంటల్ జీటీ 535ను ప్రపంచానికి చూపించడానికి కంపెనీ ఎంచుకున్న చోటు ఏస్ కెఫే. తర్వాత 2018లో 650 సీసీ జీటీ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఆదివారం తెల్లవారుజామున అనంతగిరి కొండల వైపు పోయే గుంపుల్లో ఇవాళ ఆ జీటీలు కనిపిస్తాయి. దారిలో టీ కొట్టు దగ్గర బండ్లు వరసగా నిలిపి, హెల్మెట్లు ట్యాంకుల మీద పెట్టి, గ్లాసు పట్టుకుని బండి గురించి మాట్లాడుకునే ఆ కుర్రాళ్లకు తెలియకపోవచ్చు గాని, ఆ బండి ఆకారం అచ్చం అలాంటి టీ దగ్గరే పుట్టింది.

ఏస్ 1969లో మూతపడింది. ఒక్క దెబ్బతో పోలేదు. మోటార్‌వేలు వచ్చి దూరపు లారీలు అటు మళ్లాయి. 1959లో వచ్చిన మినీ లాంటి చిన్న కార్లు అందుబాటు ధరకు దొరికాయి, పెళ్లయిన కుర్రాడు బండి అమ్మి కారు కొన్నాడు. జపాన్ బండ్ల ముందు బ్రిటిష్ కంపెనీలు నిలవలేకపోయాయి. 1964లో క్లాక్టన్, మార్గేట్, బ్రైటన్ తీరాల్లో మాడ్స్ (స్కూటర్ల కుర్రాళ్లు), రాకర్స్ (తోలు జాకెట్ల బైకర్లు) గుంపుల కొట్లాటలను పత్రికలు యుద్ధాల్లా రాశాక తోలు జాకెట్ వేసుకున్న ప్రతివాడూ అనుమానితుడయ్యాడు. కెఫే భవనం టైర్ల షాపుగా మారింది.

దాన్ని తిరిగి తెరిపించినవాడు మాజీ పోలీసు. లండన్ పోలీసు అశ్వికదళంలో పనిచేసిన మార్క్ విల్స్‌మోర్, 1994లో, మూతపడి పాతికేళ్లయిన సందర్భంగా పాతవాళ్లందరినీ ఆ చోటికి రమ్మని పిలిచాడు. దాదాపు 12,000 మంది వచ్చారని అంచనా. తలుపులు మూసిన ఒక టీ హోటల్ కోసం, కేవలం అది ఉండిన జాగాను చూడటానికి. 1997లో కొంత భాగం తెరిచారు, 2001లో పూర్తిగా. ఏటా అక్కడి నుంచి బ్రైటన్ తీరానికి వేల బండ్లు కలిసి వెళ్తాయి.

అయితే ఇప్పుడున్న ఏస్, పాత ఏస్ ఒకటి కావు. పాతది దారిలో తగిలేది. కొత్తది పనిగట్టుకుని వెళ్లాల్సింది. రోడ్డే పక్కకు జరిగింది. నార్త్ సర్క్యులర్‌ను వెడల్పు చేసి తిన్నగా వేశాక కెఫే పాత రోడ్డు ముక్క మీద మిగిలింది. పదిహేడేళ్ల కుర్రాళ్ల స్థానంలో తల నెరిసినవాళ్లు, వాళ్లతో పాటు దూరదేశాల యాత్రికులు చేరారు. టీషర్టులు, బ్యాడ్జీలు అమ్ముడవుతాయి. ఫిన్లాండ్‌లోని లాహ్తిలో, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో, బీజింగ్‌లో అదే పేరుతో కెఫేలు తెరిచారు. ఇదంతా వ్యాపారమే అనేవాళ్లున్నారు. నిజమే గాని, మొదటి రోజు నుంచీ అది వ్యాపారమే. టీ అమ్మిన డబ్బుతోనే ఆ తలుపు తెరిచి ఉంది. ఎవరు ఏ బండి మీద వచ్చినా, ఒక కప్పు టీ కొని ఎంతసేపైనా ఉండగలగడం అన్న అసలు సూత్రం మారలేదు. అది మారిన రోజున గోడ మీద ఎన్ని ఫొటోలున్నా లాభం లేదు.

విచిత్రంగా, అదే 1938లో అట్లాంటిక్ అవతల ఇంకో కథ మొదలైంది. అమెరికాలోని సౌత్ డకోటాలో స్టర్జిస్ అనే చిన్న ఊరు, జనాభా ఇప్పటికీ 7,000 దరిదాపుల్లోనే. క్లారెన్స్ హోల్ అనే బండ్ల వ్యాపారి, ఆయన స్థాపించిన జాక్‌పైన్ జిప్సీస్ క్లబ్ కలిసి ఆ ఆగస్టులో చిన్న రేసు పెట్టారు. అదే పెరిగి ఏటా జరిగే బైకర్ల జాతర, స్టర్జిస్ ర్యాలీ అయింది. 2015లో 75వ ర్యాలీకి 7 లక్షలకు పైగా జనం వచ్చారని అంచనా. అక్కడ ఏస్ లాంటిది కాదు, నికార్సైన బార్లదే రాజ్యం. 1999లో తెరిచిన ఫుల్ థ్రాటిల్ సెలూన్ ప్రపంచంలోనే అతి పెద్ద బైకర్ బార్ అని చెప్పుకునేది. ఏడాదిలో ర్యాలీ జరిగే ఆ కొద్ది రోజులే దాని సీజను. 2015 సెప్టెంబరులో కాలిపోయింది, మరుసటి ఏడాదే వేరే చోట మళ్లీ లేచింది. స్టర్జిస్ పక్కనే బేర్ బ్యూట్ అనే కొండ ఉంది, లకోటా, షెయెన్ తెగలకు అది పవిత్ర క్షేత్రం. దాని ఛాయల్లో బార్లు పెట్టొద్దని 2006లో ఆ తెగలవాళ్లు గట్టిగా పోరాడారు. జాతర వచ్చిపోయే ఊళ్లో స్థానికుల మాటకు ఎంత విలువ ఉంటుందో ఆ గొడవలో కనిపించింది.

మందూ రెండు చక్రాలూ కలిసే చోటు గురించి రాసేటప్పుడు నేరుగా చెప్పాల్సింది ఒకటుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా ఇంగ్లండ్ చట్టం ఊరుకుంటుంది, సౌత్ డకోటాదీ అదే హద్దు. భారత్‌లో 30. చట్టం ఎంత అన్నా, కారులో తూలితే సీటు ఆపుతుంది, బండి మీద తూలితే రోడ్డు తప్ప ఏమీ ఉండదు. స్టర్జిస్‌లో చాలామంది బార్ పక్కనే గుడారం వేసుకుని, బండిని తెల్లారేదాకా ముట్టుకోరు. బుద్ధిమంతుల పని అదే. ఏస్ మాత్రం తొలి రోజుల్లో టీ మీద పెరగడం వల్ల ఆ చిక్కు లేకుండానే రాత్రంతా నడిచింది. రైడర్లను ఒకచోట చేర్చడానికి మందు ఉండి తీరాలనేవాళ్లకు దాని మొదటి ముప్పై ఏళ్లే సమాధానం.

ఇప్పుడు ఆ ముంగిట్లో కొత్త లెక్క ఒకటి నడుస్తోంది. 2023 ఆగస్టు నుంచి లండన్ నగరమంతా 'అతి తక్కువ కాలుష్య మండలం' కిందికి వచ్చింది. యూరో 3 అనే పొగ ప్రమాణాన్ని అందుకోని మోటార్‌సైకిల్, మోటుగా చెప్పాలంటే 2007కు ముందు రిజిస్టరైనది, నగరంలో తిరిగితే రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. నలభై ఏళ్లు దాటి, చారిత్రక వాహనంగా నమోదైన బండికి మినహాయింపు ఉంది. అంటే 1961 నాటి నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజన్ పెట్టుకుని, ఆ నమోదుతో వచ్చే పెద్దాయన రూపాయి కట్టకుండా వచ్చి టీ తాగి పోవచ్చు. 1998 నాటి హోండా మీద వచ్చే ఆయన కొడుకు మాత్రం, కప్పు టీ ఆర్డరిచ్చే ముందే పన్నెండున్నర పౌండ్లు లెక్క చూసుకోవాలి.